నీళ్ళ కింది గుట్ట

ఆ చలికాలం మా అత్తగారు నేను కుట్టిన వలని నీళ్ళలోకి దించనివ్వలేదు.

ఇలా మొదలుపెడితే అత్తాకోడళ్ళ తగవు అనుకుంటారు ఎవరైనా. కొంతవరకు నిజమే. కాకపోతే మా తగవు పొయ్యి దగ్గర జరగలేదు. నేల కనుచూపు దాటిపోయాక, మరపడవ వెనక తట్టున, చేతులు కొంకర్లు పోయే చలిగాలిలో జరిగింది.

మా అత్తగారు సరంగు. పడవ ఆవిడది, దాన్ని తిప్పే చక్రం ఆవిడది, పడవ మీద చివరి మాట ఆవిడది. మా ఆయన ఇంజను చూసుకునేవాడు. వలలు నావి. నేను ఆ ఇంటికి కొత్తగా వచ్చినప్పుడు ఆవిడ నా వేళ్ళకేసి చూసి, చేతికి తాడు ముక్క ఇచ్చి ముడి వెయ్యమన్నారు. వేశాను. కాలితో తొక్కిపెట్టి రెండు చేతులా లాగి చూశారు. ఊడలేదు. ఆ తర్వాత ఆవిడ నాకు మరే పరీక్షా పెట్టలేదు.

నీళ్ళ కింద మాకొక గుట్ట ఉండేది. మాకు అంటే మా పేర రాసి ఉందని కాదు. మా అత్తగారు వయసులో ఉన్నప్పుడు గాలివానకి దారి తప్పి, ఎక్కడో తేలి, లోతు చూపించే యంత్రంలో చూసుకుంటూ ఉండగా దాని తెర మీద ఉన్నట్టుండి సముద్రపు అడుగు పైకి లేచిందట. వెలుతురు ఎన్నడూ చేరని లోతులో నిలబడిన రాతి గుట్ట అది. చలికాలం వస్తే గుడ్లు పెట్టుకోవడానికి చేపలు గుంపులుగా దాని చుట్టూ చేరేవి. కాలిన ఇటుక రంగు, ఒంటికి మించిన తల, గరుకు పొలుసులు. మా రేవులో వాటిని ఇటుక చేపలనేవాళ్ళు. అవి అంతగా దొరికేది మాకొక్కరికే.

గుట్టకి దారి ఆవిడకి తప్ప ఎవరికీ తెలియదు. చక్రం గదిలోకి కన్నకొడుకుని కూడా రానిచ్చేవారు కాదు. బయల్దేరేటప్పుడు ఒక వైపు పోయి, రేవు కనుమరుగయ్యాక ఇంకో వైపు తిప్పేవారు. ఎందుకంటే మా వెనక ఎప్పుడూ ఇంకో పడవ ఉండేది. దాని సరంగు మా మామగారికి తమ్ముడి వరస, మా ఆయనకి బాబాయి. ఏళ్ళ తరబడి మమ్మల్ని వెంటాడి వెంటాడి ఆయనకి రేవులో నీడ అన్న పేరు స్థిరపడిపోయింది. ఐసు నింపుకునే చోట ఎదురుపడితే మాత్రం వదినామరుదులు ఇద్దరూ గాలి ఎటు తిరిగిందో ఎంతో మర్యాదగా మాట్లాడుకునేవారు.

గుట్టకి ఒక పక్క ఏటవాలుగా నున్నగా ఉండేది. మా వల ఎప్పుడూ ఆ పక్కే అడుగుని రాసుకుంటూ పోయేది. రెండో పక్క అంతా రాళ్ళు, పగుళ్ళు. అటు వేస్తే వల చిరిగి పీలికలవుతుంది. కొన్నేళ్ళుగా నున్నటి పక్కన చేపలు తగ్గి వల తేలిగ్గా పైకి రావడం మొదలైంది. అప్పుడు మా ఆయనకి ఆలోచన వచ్చింది. వల కింది అంచుకి పెద్ద పెద్ద రబ్బరు చక్రాలు కడితే రాళ్ళ మీద కూడా దొర్లుకుంటూ పోతుంది కదా అని. వాళ్ళమ్మ సరేనన్నారు. కుట్టడం నా వంతు.

వానలున్నన్నాళ్ళూ వల పాకలో కూర్చుని కుట్టాను. నోట్లో సూది, ఒళ్ళో తాడు. అంత పెద్ద వల మా రేవులో అప్పటిదాకా ఎవరూ కుట్టలేదు. మిగతా పడవల వాళ్ళు పని ఉన్నట్టు వచ్చి, దాని కేసి చూసి, ఏమీ అనకుండా వెళ్ళిపోయేవారు. ఏమీ అనకపోవడమే నాకు పెద్ద మెప్పు.

చలి మొదలయ్యాక తొలి విడత వెళ్ళినప్పుడు మా పడవలోకి ఒక అమ్మాయిని ఎక్కించారు. సముద్ర పరిశోధన కేంద్రం వాళ్ళు ఒక్కో పడవకి ఒక్కొక్కరిని పంపుతున్నారు. ఏ పడవ ఎక్కడ పట్టిందో బయట చెప్పకూడదని వాళ్ళకి కట్టుబాటు ఉంది కాబట్టి మా అత్తగారు ఒప్పుకున్నారు. ఆ అమ్మాయి నా పక్కనే పడుకునేది. మొదట్లో కడుపులో తిప్పి బకెట్టు వదల్లేదు. తేరుకున్నాక బల్ల ముందు కూర్చుని ఇటుక చేపల తలలు కోసి, లోపల గింజంత రాళ్ళు తీసి చిన్న చిన్న సీసాల్లో వేసుకోవడం మొదలుపెట్టింది. చేప చెవిలో ఉండే రాళ్ళట అవి. కళాసీలు ఆమెకి చెవిరాళ్ళమ్మాయి అని పేరు పెట్టారు. ఆ పేరు విని తనే ముందు నవ్వింది.

ముందు పాత వలే నున్నటి పక్కన దించాం. పైకి వచ్చినప్పుడు చేపలకంటే ముందు ఒక చెట్టు కనబడింది. చెట్టంటే పగడం. నా చేయంత లావు మొదలు, దాని మీద కొమ్మలు, కొమ్మల నిండా గులాబీ రంగు మొగ్గలు ముడుచుకుంటున్నాయి. మాకది వింత కాదు. వలకి పట్టిన చెత్త అనేవాళ్ళం, పక్కకి నెట్టేసేవాళ్ళం. ఆ అమ్మాయి మాత్రం నెట్టొద్దని బతిమాలి దాని పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. తడిసిపోతున్నా లేవలేదు.

చేపల్లో చిన్నవి కొన్ని ఉన్నాయి. వాటిని ఏరి నీళ్ళలోకి విసురుతుంటే ఆమె నా పక్కకి వచ్చింది. అవి బతకవక్కా అని మెల్లగా చెప్పింది. అంత లోతు నుంచి, అంత చీకటి నుంచి, అంత చలి నుంచి పైకి లాగాక వదిలేసినా వదలకపోయినా ఒకటేనట. నేను వంగి చూశాను. ఇందాక విసిరినవి అన్నీ తెల్లటి పొట్టలు పైకి పెట్టి పడవ పక్కనే తేలుతున్నాయి. ఇన్నేళ్ళూ విసురుతూనే ఉన్నాను గానీ, విసిరాక వంగి చూడ్డం అదే మొదలు.

ఆ మధ్యాహ్నం భోజనాల బల్ల మీద భూతద్దం పెట్టి ఆమె మాకు చెవిరాయిని చూపించింది. పలచగా అరగదీసిన ముక్క. దాని మీద వలయాలు, చెట్టు మొద్దు కోస్తే కనబడేలాంటివి. ఒక్కో వలయానికి ఒక ఏడాది అని చెప్పింది. కళాసీలు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు చూసి, లెక్కపెట్టబోయి, మధ్యలో తప్పి, నవ్వుకుంటూ పోయారు. వంటవాడైతే ఇంత ముసలి చేప అయితే ఉడకడానికి గ్యాసు చాలదన్నాడు.

మా అత్తగారు చక్రం గదిలోంచి దిగి వచ్చి ఇదంతా ఏమిటని అడిగారు. అమ్మాయి చెప్పింది. ఆ పొద్దున పట్టిన చేప, మా అత్తగారి అమ్మమ్మ పుట్టకముందు పుట్టిందని. ఆవిడ నవ్వలేదు. భూతద్దం మీదికి వంగి చాలాసేపు చూశారు. తర్వాత తల ఎత్తకుండానే అడిగారు.

"ఇది మొదటిసారి గుడ్లు పెట్టేది ఎప్పుడు?"

"ముప్పై ఏళ్ళు రావాలండి. కొన్నిటికి ఇంకా పైనే."

"ఆ తర్వాత ఏటా పెడుతుందా?"

"పెట్టకపోవచ్చు. తిండి సరిగ్గా దొరకని ఏడు మానేస్తాయి."

ఆవిడ లేచి నిలబడ్డారు. "అయితే నేను గుట్ట కనిపెట్టాక పుట్టినవి ఇంకా పిల్లలే అన్నమాట."

"అవునండి."

"ఇన్నేళ్ళూ నేను పట్టినవన్నీ, నేను రాకముందే అక్కడ ఉన్నవి."

ఆవిడ జవాబు కోసం ఆగకుండా మెట్లెక్కి పైకి వెళ్ళిపోయారు.

మర్నాడు పొద్దున్నే రాళ్ళ పక్కకి చేరుకున్నాం. నా వల పడవ వెనక భాగంలో సిద్ధంగా ఉంది. కళాసీలు చక్రాలకి చివరి గొలుసులు బిగిస్తున్నారు. ఆ రోజు ఎందుకో ఆవిడ చక్రం గది తలుపు తీసే ఉంచారు. లోపలి తెర మీద గుంపు నాకు వెనకనుంచే కనబడింది. గుట్ట రాళ్ళ పక్కన దట్టంగా, మబ్బు పట్టినట్టు. అంత గుంపు నేనెప్పుడూ చూడలేదు. మా ఆయన వల దించి లాగే వించి మీద చెయ్యి వేసి, వాళ్ళమ్మ చెయ్యి ఊపడం కోసం చూస్తున్నాడు.

ఆవిడ బయటికి వచ్చి వద్దన్నారు.

మొదట అతనికి వినబడలేదు. మళ్ళీ చెప్పారు.

"అమ్మా, కింద అంత గుంపుంది."

"కనబడుతోంది."

"మరి?"

"అందుకే వద్దు."

నా పనిలో ఏదో లోపం కనిపెట్టి, కళాసీల ముందు పైకి అనలేక ఇలా అంటున్నారనుకున్నాను. దగ్గరికి వెళ్ళి, "వల బాగాలేదా అత్తయ్యా?" అని అడిగాను.

ఆవిడ వల అంచునున్న ఒక రబ్బరు చక్రాన్ని చేత్తో తిప్పి చూశారు. "బాగుంది. మరీ బాగుంది. ఒక్కటి కూడా వదలదు."

సగం ఖాళీ ఐసు గదితో వెనక్కి తిరిగాం.

తర్వాతి రోజుల్లో మా ఇల్లు ఇల్లులా లేదు. ఒకే బల్ల దగ్గర ముగ్గురం తినేవాళ్ళం. తల్లీకొడుకులు ఒకరికి కావలసింది ఒకరు నన్ను అడిగేవారు. మంచినీళ్ళ చెంబు కూడా నా మీదుగానే తిరిగేది. చివరికి ఒక పూట మా ఆయనే కట్ట తెంచుకున్నాడు. మనం మానేస్తే సముద్రం మారిపోతుందా, ఇవాళ కాకపోతే రేపు బాబాయి కనిపెడతాడు, ఆయనకి ఇంత ఆలోచన ఉండదు, ఊడ్చుకుపోతాడు అన్నాడు. కళాసీలకి ఏం చెప్పాలి, పడవ కట్టేసి ఒడ్డున కూర్చోమంటావా అన్నాడు. అతను అన్నదాంట్లో ఒక్క అబద్ధం లేదు. ఆవిడ అంతా విన్నారు.

"కట్టేయమనలేదు. వల వద్దన్నాను, అంతే," అన్నారు. "గుట్ట దొరక్కముందు నేను పొడుగు తాడుకి వరసగా గాలాలు కట్టి పట్టేదాన్ని. బురద వాలులో బెత్తం చేప ఉంటుంది. అది తొందరగా ఎదుగుతుంది. ఆ అమ్మాయిని అడిగాను, నాలుగేళ్ళకి గుడ్లు పెడుతుందట."

"ఇప్పుడు గాలాలా? అందరూ నవ్విపోతారు."

"నవ్వనీ."

నేను ఎవరి పక్షమూ మాట్లాడలేదు. నాకు ఇద్దరి మీదా కోపంగానే ఉంది. వానాకాలమంతా నేను పోసిన కష్టం పాకలో వేలాడుతోంది. దాన్ని ఏం చేద్దామని ఇద్దరిలో ఒక్కరైనా అడగలేదు.

ఒక రోజు నేను పాకలో ఊరికే కూర్చుని ఉంటే మా అత్తగారు వచ్చారు. బోర్లించిన బుట్ట మీద కూర్చున్నారు. కాసేపు వలకేసి, కాసేపు నాకేసి చూశారు. తన పెళ్ళైన కొత్తలో గాలాల తాడు పేని పేని అరచేతులు ఎలా కాయలు కాశాయో చెప్పారు. ఆ తర్వాత నెమ్మదిగా అసలు మాటకి వచ్చారు.

"దీని అంచు తాళ్ళు గట్టివి. పైకి తేల్చే బెండ్లూ మంచివి. గాలాల తాడుకి పనికొస్తాయి. కానీ విప్పమని నేను చెప్పనమ్మాయ్. పడవ నాది గానీ, వల నీది."

లేచి వెళ్ళిపోయారు. నేను ఇంకాసేపు కూర్చున్నాను. పొట్టలు పైకి పెట్టి తేలిన ఆ చిన్న చేపలు కళ్ళ ముందు మెదిలాయి. అంతకంటే పెద్ద ఆలోచనలేమీ నాకు రాలేదు. గోడకున్న కత్తి తీసుకుని, కింది అంచు దగ్గర, అన్నిటికంటే శ్రద్ధగా కుట్టిన చోటే మొదలుపెట్టాను.

ఎంతో కొంత విప్పాక తాడు బరువు చేతిలో తగ్గినట్టనిపించింది. తల తిప్పి చూస్తే రెండో చివర మా ఆయన పట్టుకుని ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు. నేను విప్పుతుంటే అతను చుట్ట చుడుతూ పోయాడు.

గాలాలతో తొలిసారి వెళ్ళినప్పుడు నిజంగానే నవ్వులపాలయ్యాం. తాడు లాగితే గాలాలన్నీ బోసిగా వచ్చాయి. ఎర మాయం. అడుగు బురదలో పాకే పురుగుల్లాంటివేవో చేపకంటే ముందు తినేశాయి. రెండోసారీ అంతే. అందులో తాడు సగం బురదలో కూరుకుని తెగింది. కళాసీల్లో ఇద్దరు చెప్పాపెట్టకుండా వేరే పడవ ఎక్కారు. వంటవాడు మాత్రం తనకి ఈదడం రాదు కాబట్టి ఎక్కిన పడవ దిగనన్నాడు.

అప్పుడు పని నా చేతికి వచ్చింది. తాడు అడుగున పడుకుంటేనే కదా పురుగుల పాలయ్యేది, పడుకోకుండా చేస్తే సరి అనుకున్నాను. బరువుకీ బరువుకీ మధ్య బెండు కట్టి చూశాను. బెండు చిన్నదైతే తాడు లేవదు, పెద్దదైతే బరువుని కూడా లేపుకుపోతుంది. ఇంటి వెనక నీళ్ళ తొట్టిలో చిన్న తాడుతో కట్టి విప్పి, కట్టి విప్పి, చివరికి గాలాలు అడుగుకి మనిషి ఎత్తున వేలాడేలా కుదిర్చాను. మా ఆయన వించిని మార్చి, తాడు నెమ్మదిగా చుట్టుకునే చక్రం తయారు చేశాడు. అతని చేతిలో ఇనుము అలా మాట వింటుందని నాకు తెలుసు గానీ, అంత ముచ్చటగా వింటుందని తెలియదు.

ఆ తర్వాతి విడత తాడు పైకి వస్తుంటే అందరం అంచు మీంచి తొంగి చూశాం. మొదటి గాలం ఖాళీ. రెండోది ఖాళీ. ఆ తర్వాత నీళ్ళలో ఏదో బూడిద రంగుగా మెరిసింది. బెత్తం చేప, మోచేతి పొడుగు, ఒంటి మీద ఒక్క పొలుసు ఊడకుండా వచ్చింది. దాని వెనక ఇంకొకటి. వలలో పడి నలిగిన చేపలు చూసి చూసి అలవాటైన మా కళ్ళకి, ఒక్కొక్కటే విడివిడిగా పైకి వచ్చే చేప కొత్తగా కనబడింది. మా అత్తగారు చక్రం వదిలి రాలేక అద్దంలోంచి మెడ చాచి చూస్తున్నారు. మా ఆయన మొదటి చేపని రెండు చేతులా ఎత్తి ఆవిడ వైపు చూపించాడు. అన్ని రోజుల తర్వాత వాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోవడం అదే.

కొత్త పనికీ దాని పాపం దానికుంది. తాడు వదులుతున్నప్పుడు ఎర కోసం ఒక సముద్రపు పక్షి దూకి, గాలానికి చిక్కి, తాడుతో పాటు మునిగిపోయింది. దాన్ని పైకి లాగాక ఆ పూట నాకు ముద్ద దిగలేదు. ఆ అమ్మాయికి ఫోను చేస్తే, తాడు మీద రంగు గుడ్డ పీలికలు వేలాడదీయండి, బరువులు దగ్గర దగ్గరగా కట్టండి, తొందరగా మునుగుతుంది అని చెప్పింది. పాత బట్టలన్నీ చింపాను. పీలికలు గాలికి ఎగురుతుంటే పడవ బట్టలారేసుకున్న పెరడులా ఉందని రేవంతా అన్నారు. పక్షులు మాత్రం మళ్ళీ చిక్కలేదు.

చలికాలం సగం పైన గడిచాక రేవులోని పడవల వాళ్ళ సంఘం సమావేశం పెట్టారు. గుట్టల్లాంటి చోట్ల అడుగుని రాసుకుంటూ పోయే వలలు ఆపితే, ఆ చోటుని సంఘమే కాపాడుకుంటానంటే, దానికి ప్రభుత్వం వాళ్ళ ముద్ర కూడా పడుతుంది. కానీ ఎక్కడ ఆపాలో చెప్పాలి. ఆ అమ్మాయి కట్టుబాటు ప్రకారం చెప్పకూడదు. చెప్పగలిగింది మా అత్తగారొక్కరే.

బయల్దేరేముందు ఆవిడ మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టి అడిగారు. ఈ ఇల్లు మీది కూడా, చెప్పమంటారా అని. చెప్పాక వాళ్ళు ఒప్పుకోకపోతే ఏమవుతుందని మా ఆయన అడిగాడు. వారం తిరిగేలోగా రేవులో ఉన్న పడవలన్నీ గుట్ట మీదే ఉంటాయన్నారు ఆవిడ. దాపరికం లేకుండా అలాగే చెప్పారు. మా ఆయన చేతులు తుడుచుకునే గుడ్డని మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు.

"కనిపెట్టింది నువ్వమ్మా. చెప్పాల్సిందీ నువ్వే," అన్నాడు.

సంఘం గదిలో నిలబడ్డానికి కూడా చోటు లేదు. గోడకి సముద్రం పటం తగిలించి ఉంది. మా అత్తగారు లేచి, మాటా మంతీ లేకుండా పటం దగ్గరికి వెళ్ళి, పెన్సిలు అడిగి తీసుకుని, ఒక చోట చిన్న గుండ్రం చుట్టారు. "ఇక్కడుంది," అన్నారు. "నా గుట్ట."

ఎన్నో ఏళ్ళు ఎంతమందో వెతికిన చోటు. కొందరు లేచి నిలబడి పటం చూశారు. నీడ బాబాయి అందరికంటే ముందున్నారు. గుండ్రం కేసి చాలాసేపు చూశాక ఇటు తిరిగారు. ఆయన మొహంలో కోపం కంటే ఉక్రోషం ఎక్కువుంది.

"నీ కడుపు నిండాక మా ముందు కంచం లాగేస్తున్నావా వదినా?"

"నిండింది మరిదీ, కాదనను. అక్కడున్నది తిన్నది నేనొక్కదాన్నే. ఎంత మిగిలిందో నాకొక్కదానికే తెలుసు. అందుకే చెప్తున్నాను."

ఆయన తల తిప్పుకున్నారు. వెనక వరసలోంచి ఎవరో, పెద్దవి పట్టుకుని చిన్నవి వదిలేద్దాం, అందరికీ బాగుంటుంది కదా అన్నారు. గదంతా ఆ మాటకి తలూపింది. అది విని నేను లేచాను. ఆ గదిలో అంతకుముందు నేనెప్పుడూ నోరు విప్పలేదు. నీళ్ళలోకి విసిరాక ఆ చేపలు ఏమవుతాయో నేను చూసింది చూసినట్టు చెప్పాను. అక్కడున్న వాళ్ళలో సగంమంది నాలాగే రోజూ విసిరేవాళ్ళు.

మరి మేమేం పట్టుకుని బతకాలని ఇంకొకరు అడిగారు.

"అది మా కోడలు చెప్తుంది," అన్నారు మా అత్తగారు, కూర్చుంటూ. "ఆ పని నాకంటే తనకే బాగా తెలుసు."

ఆ మాట ఆవిడ నాతో ఎన్నడూ అనలేదు. అన్నది అంతమంది ముందు. బరువులూ బెండ్లూ ఎలా కట్టాలో, గుడ్డ పీలికలు ఎందుకో, మొదట్లో మేమెలా నవ్వులపాలయ్యామో అన్నీ చెప్పాను. అక్కడక్కడా నవ్వారు. ఆ నవ్వు మంచి నవ్వే.

చేతులెత్తమన్నారు. ముందు వరసల్లో కొన్ని లేచాయి. తర్వాత గోడల దగ్గర. మా ఆయన లెక్కపెడుతున్నాడని అతని పెదాలు కదలడం చూసి తెలిసింది. సగం దాటిందని సంఘం పెద్ద ప్రకటించేసరికి మా అత్తగారు కళ్ళు మూసుకుని ఉన్నారు. నీడ బాబాయి చెయ్యి ఎత్తలేదు. కానీ బయటికి పోతూ నా పక్కన ఆగి, గోడ కేసి చూస్తూ, బెండు ఎన్ని గాలాలకి ఒకటి కట్టాలమ్మా అని అడిగారు. పాకకి రండి బాబాయ్, చేసి చూపిస్తానన్నాను. మర్నాడే తాడు చుట్ట భుజానేసుకుని వచ్చారు. మంచి చెయ్యి ఆయనది. ఒక్కసారి చూపిస్తే చాలింది.

చలి విరగబోతుండగా చెవిరాళ్ళమ్మాయి మళ్ళీ వచ్చింది. ఈసారి ఇనప బోనులో బిగించిన కెమెరా తెచ్చింది. ఆపడమైతే ఆపారు గానీ అక్కడ ఏముందో ఒకసారి కళ్ళతో చూసి రావాలి, మీ పడవ ఇస్తారా అని అడిగింది. బోనుని దించే తాడుకి ముడి నేనే వేశాను. మా అత్తగారు నేరుగా గుట్ట మీదికి పోనిచ్చారు. అటూ ఇటూ తిప్పకుండా తిన్నగా వెళ్తే అదెంత దగ్గరో మాకు ఆ రోజే తెలిసింది.

తెర చక్రం గదిలో పెట్టారు. నన్నూ ఆ అమ్మాయినీ ఆవిడే లోపలికి పిలిచారు. బోను దిగుతూ దిగుతూ ఉండగా చాలాసేపు నల్లటి నీళ్ళు తప్ప ఏమీ లేవు. తర్వాత దీపం వెలుగులో అడుగు కనబడింది. అది నున్నటి పక్క. దున్ని వదిలేసిన నేలలా ఉంది. పొడుగ్గా చాళ్ళు. చాళ్ళ పక్కన మొదలంటా విరిగిన మోడులు. గుట్టకి ఆ పక్క పుట్టుకతోనే నున్నగా ఉందనుకున్నాం అందరం.

"ఇది మన వల చేసింది," అన్నారు మా అత్తగారు. ఆవిడ మొహం తిప్పుకోలేదు. చివరి చాలు దాటేదాకా చూశారు. ఆ తర్వాత చక్రం పట్టి, అంగుళం అంగుళం చొప్పున పడవని రెండో పక్కకి జరిపారు.

ముందు ఒక కొమ్మ. తర్వాత ఒక చెట్టు. ఆ తర్వాత తెర పట్టనంత తోట. తెల్లనివి, గులాబీవి, పసుపువి, మనిషి ఎత్తువి, విసనకర్రల్లా విచ్చుకున్నవి, ఒక దాని మీద ఒకటి. కొమ్మల సందుల్లో పీతలు. మొదళ్ళ దగ్గర చేపపిల్లలు, వేలంతవి. వాటి పైన ఇటుక చేపలు, దీపం కూడా లెక్కచేయకుండా, ఎక్కడికీ తొందర లేనట్టు మెల్లగా తిరుగుతున్నాయి. బల్ల మీద చచ్చిన ఇటుక రంగే నాకు తెలుసు. బతికి ఉండగా అవి దీపం కింద నిప్పుకణికల్లా ఉన్నాయి.

"వాణ్ణి పిలు," అన్నారు ఆవిడ. "ఇంజను సంగతి ఇంకొకళ్ళు చూస్తారు, రమ్మను."

మా ఆయన నూనె చేతులతోనే వచ్చాడు. గుమ్మంలో ఆగాడు, అలవాటు. లోపలికి రమ్మని ఆవిడే చెయ్యి పట్టి లాగారు. అతను తెర కేసి చూశాడు. ఎక్కడుందో పోల్చుకోవడానికి కాసేపు పట్టింది. పోల్చుకున్నాక నెమ్మదిగా అడిగాడు.

"వల దించుదామన్నది ఇక్కడేనా అమ్మా?"

"ఇక్కడే."

ఒక పెద్ద చేప తెర దగ్గరికి వచ్చి, పళ్ళెమంత కన్నుతో మా కేసి చూసి, తోక తిప్పి కొమ్మల్లోకి వెళ్ళిపోయింది. దాని వయసెంత ఉంటుందని మా ఆయన ఆ అమ్మాయిని అడిగాడు. మనందరికంటే పెద్దదని ఆమె చెప్పింది.

మా అత్తగారు కుర్చీలోంచి లేచారు. "నువ్వు కూర్చో. బాగా చూడు," అని కొడుకుని కూర్చోబెట్టారు. "నేను దీని మీద ఇన్నేళ్ళు తిరిగాను. చూడ్డం ఇవాళే."

తర్వాత గది తలుపు బార్లా తీసి, బయట పని మీదున్న కళాసీలని, వంటవాడితో సహా, ఒక్కొక్కళ్ళనే పేరుపెట్టి పిలిచారు. వాళ్ళు తలపాగాలు తీసి, పాదాలు తుడుచుకుని, ఆ ఇరుకు గదిలోకి ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఆవిడ పక్కకి జరిగి నిలబడి, తెర మీద వేలు పెట్టి ఒక్కో చెట్టునీ ఒక్కో చేపనీ వాళ్ళకి చూపిస్తూ ఉన్నారు.